పగిడీ

మా చాలులో మూడో మాల మీద ఒక అత్త ఉంది. నాకు చుట్టరికం ఏమీ లేదు. చాలు మొత్తానికీ ఆమె అత్తే. డెబ్భై ఎనిమిదేళ్ళుంటాయి. పోయిన ఎండాకాలంలో ఒకనాడు పొద్దున్నే, నాలుగు మడతలు పెట్టిన కాగితం పట్టుకుని నా గుమ్మంలో నిలబడింది.

“పంతులూ, గీ కాగితంల మా ఆయన పేరు లేదంట. మరి మా ఆయన ఎవరంట?” అంది.

నవ్వు వచ్చింది గానీ కాగితం చూశాక ఆగిపోయింది. మా చాలు పడగొట్టి కొత్తది కడతారన్న మాట నా చిన్నప్పటి నుంచీ ఉన్నదే. వరండాలకు ఆనించిన కర్ర దుంగలు కూడా ఇప్పుడు ముసలివైపోయాయి. అయితే ఈసారి మాట కాస్త గట్టిగానే నడుస్తోంది. ఏ ఖోలీలో ఎవరున్నారో, ఎవరికి హక్కుందో లెక్క తీసి, ఆ జాబితా ఒక కార్యాలయం వారు తమ వెబ్‌సైటులో పెట్టారు. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లోగా అందులోనే రాయాలి. అత్త తెచ్చినది ఆ జాబితాలో ఒక పేజీ. నాకాలోని సైబర్ దుకాణం కుర్రాడు పది రూపాయలు తీసుకుని అచ్చు వేసి ఇచ్చాడు.

విషయం ఏమిటంటే, మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం. ఇక్కడివాళ్ళు తన పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు రాస్తారు. కంప్యూటర్లో ఆ వరుసలోనే మూడు గళ్ళు. అత్త భర్త పోయి పంతొమ్మిదేళ్ళయింది. ఆయన ఇంటిపేరు మొదటి గడిలో పడి ఆయనకు పేరైంది. ఆయన పేరు రెండో గడిలో పడి ఆయన తండ్రి పేరైంది. మూడో గడిలో ఏం రాయాలో తెలియక కాబోలు, కులం పేరు లాంటిదేదో ఎక్కించారు. అద్దె రసీదులో ఒక వరుస, రేషన్ కార్డులో ఒక వరుస, కరెంటు బిల్లులో మరొకటి. కాగితాల కాలంలో ఆ ముగ్గురూ ఒక్కడేనని అద్దె వసూలు చేసే మెహతాకు తెలుసు, రేషన్ దుకాణం వాడికి తెలుసు. యంత్రానికి మాత్రం వాళ్ళు ముగ్గురు మనుషులు. ఆ ముగ్గురిలో అత్త ఎవరి భార్యో తేలక, ఆమె ఖోలీ ఎదురుగా ‘ఆధారాలు సరిపోలేదు’ అని రాసింది.

నూట ఇరవై చదరపు అడుగుల గది అది. నలుగురు పిల్లల్ని కన్నదీ పెంచిందీ అందులోనే. ఇద్దరు పోయిందీ అందులోనే.

ఫోను తీశాను. వెబ్‌సైటు తెరుచుకుంది. ఆధార్ నంబరు కొడితే రహస్య సంఖ్య ఒకటి ఫోనుకు వస్తుందంది. ఏ ఫోనుకు? అత్త కార్డుకు కట్టి ఉన్నది ఆమె కొడుకు నంబరు. అతను భివండిలో పవర్‌లూమ్ మీద రాత్రి పాళీ చేసి, పగలు ఫోను కట్టేసి పడుకుంటాడు. సాయంత్రం దాకా ఆగి అతన్ని లేపి సంఖ్య అడిగితే, చెప్పేలోగా దాని గడువు తీరిపోయింది. రెండుసార్లు అదే జరిగింది. సరే, వేలిముద్రతోనూ ఒప్పుకుంటారన్నారని సైబర్ దుకాణానికి తీసుకుపోయాను. కుర్రాడు ఆమె బొటనవేలు గాజు మీద పెట్టించాడు. తుడిచి పెట్టించాడు, తడిచేసి పెట్టించాడు, పది వేళ్ళూ పెట్టించాడు. నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన వేళ్ళవి. గీతలన్నీ ఆకుల్లోకి, తంబాకులోకి పోయాయి. చూడబోతే నున్నగా, పసిపిల్ల వేళ్ళలా ఉన్నాయి.

మర్నాడు కొడుకు నిద్ర మానుకుని ఫోను దగ్గరే కూర్చున్నాడు. ద్వారం తెరుచుకుంది. అభ్యంతరం రాసే చోట రెండే భాషలు: మరాఠీ, ఇంగ్లీషు. నా మరాఠీ కూరగాయల బజారుకూ, పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడ్డానికీ సరిపోతుంది, అర్జీకి చాలదు. ఇంగ్లీషు సంగతి చెప్పుకోకపోవడమే మేలు. అందుకని శుభ్రమైన తెలుగులో రాసి, ఫోనులోని అనువాద యంత్రానికి ఇచ్చాను. అది రెప్పపాటులో ఇంగ్లీషు చేసి పెట్టింది. అంత వేగం చూసి నాకే అనుమానం వేసి, దాన్నే తిరిగి తెలుగు చెయ్యమన్నాను.

‘ఈ ఖోలీ మా మామగారు 1951లో పగిడీ ఇచ్చి తీసుకున్నది’ అని నేను రాశాను. ‘1951లో మా మామగారు తలపాగా ఇచ్చి ఈ గదిని పుచ్చుకున్నారు’ అని తిరిగొచ్చింది.

బొంబాయిలో ఉన్నవాళ్ళకు పగిడీ అంటే చెప్పనక్కర లేదు. బయటి ఊళ్ళ పాఠకుల కోసం ఒక మాట. ఇంటి యజమానికి ముందుగా పెద్ద మొత్తం ఇస్తాం. ఆపైన నెలకు నామమాత్రపు అద్దె కడుతూ తరతరాలూ ఉంటాం. గది చేతులు మారితే యజమానికి వాటా ముడుతుంది. 1947 నాటి అద్దె చట్టం ప్రకారం ఆ డబ్బు పుచ్చుకోవడం నేరం. అయినా ఊరంతా పుచ్చుకుంది. చివరకు 1999 చట్టం దాన్ని సక్రమమైన వ్యవహారంగా ఒప్పుకుంది. యాభై ఏళ్ళ పాటు రసీదు లేని డబ్బు మీద, మాట మీద, ఇరుగుపొరుగు సాక్ష్యం మీద నిలబడ్డ హక్కు అది. ఆ హక్కునంతా యంత్రం ఒక్క తలపాగాలో చుట్టి పెట్టింది.

అత్తకు చెబితే పకపకా నవ్వింది. “మా మామకు తలపాగా సుత యాడిది పంతులూ, నెత్తి మీద తట్ట ఉండె గాని!” అంది.

తట్ట మాట నిజమే. మా వాళ్ళు ఈ ఊరికి వచ్చింది తట్ట మోయడానికే. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ గట్టు పూర్తయి సముద్రపు నీరు ఆగింది. 1793లో బెల్లాసిస్ రోడ్ కట్ట పడింది. అలా తేలిన పల్లపు నేల మీద గుడిసెలు వేసుకున్న తెలుగు కూలీలను కామాఠీలన్నారు, వాళ్ళున్న చోటు కామాఠీపురా అయింది. పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ల నుంచి ఆ తర్వాత కూడా తరాల తరబడి వస్తూనే ఉన్నారు. ఇక మా వీధి పేరు ఫోరస్ రోడ్. ఆర్. ఎస్. నిమ్కర్ మార్గ్ అని అధికారికంగా మార్చారు గానీ టాక్సీవాళ్ళకు పాత పేరే. ఆ పేరెత్తగానే వినేవాడి పెదవి ఒకలా వంకర పోతుందని మాకందరికీ తెలుసు. ఉద్యోగానికో సంబంధానికో చిరునామా చెప్పాల్సి వస్తే ‘బొంబాయి సెంట్రల్’ అనడం మా ఇళ్ళలో పిల్లలకు నేర్పక్కర్లేదు. కానీ ఆ మాట పుట్టుక వేరు. ‘ఫోరా’ అంటే పోర్చుగీసులో బయట అని అర్థం. కోటకు బయట, సముద్రం నుంచి తీసుకున్న నేలను ఫోరస్ భూమి అనేవారు. దాని మీద కట్టే శిస్తును కూడా ఫోరస్ అనేవారు. బయటివాళ్ళం, బయటి రోడ్డు మీద.

మా నాన్న తాపీ పని చేసేవాడు. సాయంత్రం చేతులు కడుక్కుని తపాలాఫీసు మెట్ల పక్కన కూర్చుని మనియార్డరు ఫారాలు, ఊరికి ఉత్తరాలు, కార్పొరేషనుకు అర్జీలు రాసి పెట్టేవాడు. నీళ్ళ కొళాయి కావాలనో, మోరీ పొంగుతోందనో. తెలుగు, మరాఠీ రెండూ ఆయన దస్తూరీలో ఒకేలా, ఇటుకలు పేర్చినట్టుండేవి. నేను మునిసిపల్ తెలుగు బడిలో పంతులునయ్యాను. ఈ కార్పొరేషను ఎనిమిది భాషల్లో బడులు నడుపుతుందని, అందులో తెలుగొకటని ఇప్పుడు చెబితే ఊళ్ళోవాళ్ళు నమ్మరు. మా పిల్లలే ఇంగ్లీషు బడులకు పోతుంటే ఎవరిని అనగలం? నాన్న తర్వాత అర్జీలు రాయడం నా వంతుకు వచ్చింది. కలం పోయి ఫోను వచ్చిందని తప్పిస్తే పని అదే అనుకున్నాను. ఆ తలపాగా చూసేదాకా.

ఆ వారమే మా అక్క కొడుకు బ్రస్సెల్స్ నుంచి సెలవులకు వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. అక్కడ ఏదో కంపెనీలో కంప్యూటర్ పని. ఐరోపా సంఘం వారి కార్యాలయాలున్న వీధుల్లోంచే రోజూ పోతాడట. రాత్రి వరండాలో చాప వేసుకుని కూర్చున్నాం. తలపాగా కథ చెబితే కడుపు పట్టుకుని నవ్వి, తర్వాత సీరియస్ అయ్యాడు.

“మామయ్యా, అక్కడైతే మీ అత్త తన భాషలో రాయొచ్చు. వాళ్ళు ఆ భాషలోనే జవాబివ్వాలి” అన్నాడు.

నేను నమ్మలేదు. అతను ఫోనులో చూపించాడు. ఐరోపా సంఘం తొట్టతొలి నిబంధన, ఒకటో నంబరుది, 1958లో చేసినది, భాషల గురించినదేనట. ఉక్కు గురించో సుంకాల గురించో కాదు, ఎవరితో ఏ భాషలో మాట్లాడాలన్నదాని గురించి. అప్పుడు నాలుగు భాషలు, 2013లో క్రొయేషియా చేరేసరికి ఇరవై నాలుగు. సంఘం ఒప్పందంలో 24వ అధికరణం ప్రకారం, ఏ పౌరుడైనా ఆ భాషల్లో దేనిలోనైనా సంఘం సంస్థలకు రాయవచ్చు, అదే భాషలో జవాబు పొందవచ్చు. ఐదు లక్షల మంది మాట్లాడే మాల్టా భాషకూ ఆ హక్కుంది. మరి కోటి మందికి దగ్గరగా ఉన్న కటలాన్ భాషకు లేదు, వాళ్ళకు సొంత రాజ్యం లేదు గనక. 2023లో స్పెయిన్ కటలాన్, బాస్క్, గలీషియన్ భాషలను చేర్చమని అడిగింది. అన్ని దేశాలూ ఒప్పుకోవాలి. 2025 చివరికి కూడా ఒప్పుకోలేదు. ఆ ముక్క విన్నాక నాకు ఆ కటలాన్ వాళ్ళ మీద చుట్టాల మీద పుట్టేంత అభిమానం పుట్టింది.

మావాడికి కంప్యూటర్ల మీద నమ్మకం ఎక్కువ. దేశాలన్నిటి పైన కూర్చున్న సంస్థ, మామూలు మనిషికి ఆకాశమంత దూరం. ఆ దూరాన్ని ఇంటర్నెట్ తగ్గించిందని అతని వాదన. లిస్బన్ ఒప్పందం 2009లో అమలులోకి వచ్చింది. దాని వల్ల 2012 ఏప్రిల్ నుంచి ఒక కొత్త వెసులుబాటు: కనీసం ఏడు దేశాల నుంచి పది లక్షల సంతకాలు పోగుచేస్తే, సంఘం కమిషను ఆ విషయం పరిశీలించి జవాబు చెప్పి తీరాలి. సంతకాలు ఇంటర్నెట్లోనూ పెట్టొచ్చు. ఆ మెట్టు మొదట దాటింది నీళ్ళ గురించిన అర్జీ. తాగునీరు మనిషి హక్కు, దాన్ని ప్రైవేటు సరుకు చెయ్యొద్దు అని. సరైనవిగా తేలిన సంతకాలే పదహారు లక్షలు దాటాయి. 2013 డిసెంబరులో అందించారు, 2014 మార్చిలో కమిషను జవాబిచ్చింది. 2020 డిసెంబరులో తాగునీటి నిబంధనను తిరగరాసినప్పుడు, నీళ్ళు అందనివాళ్ళకు అందేలా చూడాలన్న మాట అందులోకి ఎక్కింది. అడిగినదంతా కాదు, కొంత.

నాకు నాన్న రాసిన కొళాయి అర్జీలు గుర్తొచ్చాయి. ఆ కొళాయికీ ఏడేళ్ళే పట్టింది. అయితే పది లక్షల మంది కాదు, పదకొండు గదులవాళ్ళు సంతకాలు పెట్టారు. వాటిలో ఆరు వేలిముద్రలు.

“అన్ని దేశాల వాళ్ళూ సమానంగా పెట్టారా?” అని అడిగాను.

మావాడు కాస్త తడబడి, ఆ సంతకాల్లో పన్నెండు లక్షలకు పైన ఒక్క జర్మనీవేనని ఒప్పుకున్నాడు. ఇంకో కథ కూడా తనే చెప్పాడు. వేసవిలో గడియారం గంట ముందుకు, చలికాలంలో గంట వెనక్కు తిప్పే ఆచారం అక్కడ ఉంది గదా. అది ఉండాలా వద్దా అని 2018లో జులై 4 నుంచి ఆగస్టు 16 దాకా ఇంటర్నెట్లో జనాన్ని అడిగారు. నలభై ఆరు లక్షల జవాబులు వచ్చాయి. అంతకు ముందు ఏ ప్రశ్నకూ అన్ని రాలేదు. నూటికి ఎనభై నాలుగు మంది వద్దన్నారు. ‘జనం చెప్పారు, మనం చేస్తాం’ అని పెద్దలు సంబరపడ్డారు. తీరా చూస్తే జవాబుల్లో నూటికి డెబ్భై జర్మనీ నుంచే. మిగతా ఇరవై ఏడు దేశాలూ కలిపి ముప్ఫై. 2019 మార్చిలో పార్లమెంటు 2021 నుంచి మాన్పించాలని ఓటు వేసింది. దేశాల ప్రభుత్వాలు కూర్చునే మండలిలో అది అలాగే ఉండిపోయింది. 2025లోనూ గడియారాలు తిప్పుకున్నారు.

తప్పు జర్మన్లది కాదు. వాళ్ళ పత్రికలు ఆ సంగతి ఎక్కువగా రాశాయి, వాళ్ళకు పట్టింది, వాళ్ళు మీట నొక్కారు. నొక్కనివాళ్ళ మాట ఏమిటి? వాళ్ళకు అక్కర్లేదా, తెలియలేదా, ఫోను కొడుకు దగ్గరుండి కొడుకు నిద్రపోతున్నాడా? ఎన్ని జవాబులు వచ్చాయో యంత్రం ఠక్కున చెబుతుంది. రానివి ఎందుకు రాలేదో దాన్నడిగి లాభం లేదు. పదకొండు గదుల అర్జీలో ఎవరు సంతకం పెట్టలేదో, ఎందుకు పెట్టలేదో నాన్నకు తెలుసు. పన్నెండో గదివాడికి మెహతాతో చుట్టరికం.

“ఇప్పుడవన్నీ మారిపోయాయి మామయ్యా” అన్నాడు మావాడు. 2021 ఏప్రిల్‌లో ‘ఐరోపా భవిష్యత్తు’ మీద ఒక ఏడాది పాటు జనంతో సంప్రదింపులు జరిపారట. ఒక వేదిక పెట్టారు, అందులో ఇరవై నాలుగు భాషల్లో ఏ భాషలో రాసినా యంత్రమే మిగతా భాషల్లోకి మార్చేది. ఫిన్లాండు రైతు రాసినది పోర్చుగల్ టీచరు తన భాషలో చదవొచ్చు. దాంతో పాటు చీట్లు తీసినట్టు ఎనిమిది వందల మంది మామూలు పౌరులను ఎన్నుకుని, నాలుగు బృందాలుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. 2022 మేలో నలభై తొమ్మిది ప్రతిపాదనలతో ముగించారు. ఇంటర్నెట్ వేదిక మీద పేరు నమోదు చేసుకుని పాల్గొన్నవాళ్ళు యాభై వేల పైచిలుకు. నలభై ఐదు కోట్ల జనాభాలో. గడియారాలకు నలభై ఆరు లక్షలు, భవిష్యత్తుకు యాభై వేలు! మావాడికి ఈ లెక్క నచ్చలేదు గాని నాకు నచ్చింది. నిద్ర చెడితే మనిషి మీట నొక్కుతాడు.

నాకు ఆ ఎనిమిది వందల మంది సంగతే ఎక్కువ ఆసక్తి కలిగించింది. వాళ్ళ మధ్య మనుషులే, దుబాసీలు, కూర్చుని మాటలు మార్చి చెప్పారు. తలపాగా దగ్గర దుబాసీ ఆగి ‘ఏమన్నారు?’ అని అడుగుతాడు గదా. యంత్రం అడగదు. తెలియదని దానికి తెలియదు.

మరి మన సంగతి? బ్రస్సెల్స్ ఎంత దూరమో ఫోరస్ రోడ్డుకు ఢిల్లీ కూడా అంతే దూరం. అక్కడా మనపైన రాష్ట్రం, దాని పైన కేంద్రం. ప్రతి మెట్టు మీదా వేరే భాష. 2020లో పర్యావరణ అనుమతుల నిబంధనల ముసాయిదా పెట్టి, అభిప్రాయాలు ఈ-మెయిలులో పంపమన్నారు. ముసాయిదా మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంది. దేశమంతా కరోనాతో తలుపులు మూసుకుని ఉంది. ఢిల్లీ హైకోర్టు జూన్ 30న, దీన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించి అందరికీ అందించండి, గడువు ఆగస్టు 11 దాకా పెంచండి అంది. కేంద్రం సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఇంగ్లీషు, హిందీ వచ్చినవాళ్ళు లక్షల కొద్దీ ఈ-మెయిళ్ళు పంపారు. ఫార్మా కంపెనీ వ్యర్థాలు చెరువులో పడే ఊళ్ళు తెలంగాణలో ఎన్ని లేవు? ఆ ముసాయిదా ఎవరి చెరువు గురించో వాళ్ళు దాన్ని చదవలేరు. 2022లో కేంద్రం ‘భాషిణి’ అని అనువాద యంత్రం ఒకటి తెచ్చింది. మంచిదే. ఈసారి కోర్టుకు పోకుండానే 22 భాషల్లోనూ వస్తాయేమో. అయితే ఏ భాషలో తప్పు పడ్డా అసలు ప్రతి ఇంగ్లీషుదే అంటారు.

ఇంకో సంగతి మా వీధివాళ్ళకు మరింత దగ్గరిది. ఈ చాళ్ళలో సగం మందికి ఓటు ఇప్పటికీ పాలమూరు పల్లెల్లోనే. ఎన్నికలొస్తే పార్టీలవాళ్ళు బస్సులు పెడితే పోతారు, లేకపోతే లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో దేశంలో ముప్ఫై కోట్ల మంది ఓటు వెయ్యలేదని, వలస దానికొక కారణమని ఎన్నికల సంఘమే చెప్పి, 2022 డిసెంబరులో ఒక కొత్త యంత్రాన్ని ప్రకటించింది. ఒకే బూతులో పెట్టిన యంత్రం మీద 72 నియోజకవర్గాల ఓటర్లు ఎవరి ఊరి ఓటు వాళ్ళు వేసుకోవచ్చు. అంటే మా తెలుగు బడిలో కూర్చుని నారాయణపేట ఓటూ వేయొచ్చు, దేవరకొండ ఓటూ వేయొచ్చు. 2023 జనవరి 16న పార్టీలను పిలిచి చూపించబోయారు. వలస వచ్చినవాడు ఎవరో ఎలా తేలుస్తారు, పరాయి రాష్ట్రంలో ఏజెంట్లు ఎక్కడి నుంచి వస్తారు అని చాలా పార్టీలు అడ్డం చెప్పాయి. చూపించడం కూడా కాలేదు. అప్పటికే 2021 అక్టోబరులో ఖమ్మంలో ఫోను మీద ఉత్తుత్తి ఓటింగ్ జరిపి చూశారు. ఎస్టోనియా వాళ్ళు 2005 నుంచీ ఇంటర్నెట్లో ఓట్లు వేస్తున్నారు, 2009లో ఐరోపా పార్లమెంటుకు కూడా అలాగే వేశారు. పార్టీల భయాలు ఉత్తవని నేననను. కానీ ఆ వాదనంతా జరిగిన గదిలో బస్సెక్కి పోయి ఓటేసేవాడు ఒక్కడూ లేడు.

ఇక మా ఊరి కార్పొరేషను. 2022 మార్చిలో దాని గడువు తీరింది. మళ్ళీ ఎన్నికలు జరిగింది 2026 జనవరి 15న. దాదాపు నాలుగేళ్ళు ఒక అధికారి పాలనలో నడిచింది. మోరీ పొంగితే 1916కు ఫోను చెయ్యొచ్చు, వెబ్‌సైటులో ఫిర్యాదు రాయొచ్చు, దానికొక నంబరు వస్తుంది. కార్పొరేటరు మాత్రం లేడు. మోరీ బాగుపడిన రోజులూ ఉన్నాయి, అబద్ధమెందుకు? అయినా పాత కార్పొరేటరును తిట్టినట్టు, అతను గణపతి మండపం దగ్గర దొరికితే చొక్కా పట్టుకున్నట్టు, నంబరును పట్టుకోలేం. ఈ ముక్క మావాడికి చెబితే, “బ్రస్సెల్స్‌లో అందరూ అనేది అదే మామయ్యా, అడగడానికి ఎన్నో వెబ్‌సైట్లు, పట్టుకోవడానికి మనిషి లేడని” అన్నాడు.

పొద్దుపోయింది. కింద వీధిలో రాత్రి వ్యాపారం తన పనిలో తానుంది. మావాడు ఫోనులో ఏదో చదువుతూ ఉన్నట్టుండి అన్నాడు: “మామయ్యా, మన రాజ్యాంగంలో కూడా ఉంది! 350వ అధికరణం.”

ముప్ఫై ఏళ్ళు బడిలో జనవరి 26న జెండా ఎగరేసి రాజ్యాంగం గురించి ఉపన్యాసాలిచ్చిన వాణ్ణి. నాకు తెలియదు. చదివాను. తన బాధ తీర్చమని కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని ఏ అధికారికైనా, కేంద్రంలో లేక రాష్ట్రంలో వాడుకలో ఉన్న భాషల్లో దేనిలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందట. రాజభాష అనలేదు, వాడుకలో ఉన్న భాష అంది. మహారాష్ట్రలో తెలుగు వాడుకలో లేదని ఎవరంటారు? షోలాపూర్‌లో అని చూడమనండి. అయితే ఐరోపావాళ్ళ దానికీ దీనికీ ఒక తేడా ఉంది. అక్కడ అదే భాషలో జవాబు వస్తుంది. ఇక్కడ రాసే హక్కు ఉంది, జవాబు ఏ భాషలో ఇవ్వాలో చెప్పలేదు. ఆ రెండో సగం మనవాళ్ళు ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాదు. వెబ్‌సైటు తయారుచేసినవాడు మొదటి సగం కూడా వదిలేశాడు. చట్టం మార్చాలంటే పార్లమెంటు కావాలి. రెండు భాషల గడి పెట్టడానికి ఒక కుర్రాడు, ఒక మధ్యాహ్నం చాలు.

గడువు ఇంకా నాలుగు రోజులుంది. మర్నాడు పొద్దున తెల్లకాగితం మీద అర్జీ రాశాను. తెలుగులో, చేత్తో. పైన 350వ అధికరణం ఉటంకించాను. ముగ్గురు పేర్లూ ఒక మనిషివేనని, ఇంటిపేరు మనం ముందు రాసుకుంటామని, 1951లో పగిడీ ఇచ్చారని, ఇరుపక్కల గదులవాళ్ళు సాక్షులని. వాళ్ళ చేత సంతకాలు పెట్టించాను. అత్త బొటనవేలికి సిరా రాసి అద్దించాను. కాగితం మీద నల్లటి గుండ్రం పడింది, గీతలు లేకుండా.

కార్యాలయంలో గుమాస్తా వయసులో చిన్నవాడు. కాగితం అటూ ఇటూ తిప్పి, వెబ్‌సైటులో పెట్టాలి కాకా అన్నాడు. అధికరణం చూపించాను. అతను చిరాకు పడలేదు, నిజం చెప్పాలి, ఆశ్చర్యపోయాడు. తీసుకుంటాను గాని ఇందులో ఏముందో నాకెలా తెలుస్తుంది అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అప్పుడు మూలనున్న బెంచీ మీంచి ఒక ప్యూను లేచి వచ్చాడు. షోలాపూర్ పద్మశాలీల పిల్లవాడట. తెలుగు మాట్లాడతాడు, చదవడం రాదు. నేను చదివాను, అతను మరాఠీలో చెప్పాడు, గుమాస్తా పక్క కాగితం మీద రాసుకున్నాడు. ఒక్కో వాక్యం దగ్గర ప్యూను ఆగి నన్నేదో అడుగుతాడు, గుమాస్తా అతన్నేదో అడుగుతాడు, అత్త ముగ్గురినీ సరిదిద్దుతుంది. ఇంటిపేరు ముందుంటుందన్న సంగతి దగ్గర ఐదు నిమిషాలు పట్టింది. ‘అట్లయితే నీ పేరు గూడ జాబితాల తలకిందులే ఉంటది’ అని అత్త ప్యూనుతో అంది. అతను తలూపి, ‘ఉన్నది అమ్మా’ అన్నాడు.

‘1951లో మా మామగారు పగిడీ ఇచ్చి’ అని చదివాను. ప్యూను నోరు తెరిచేలోగా గుమాస్తా కలం అప్పటికే కదిలింది. ఆ మాటకు అతను అనువాదం కోసం ఆగలేదు.

ముద్ర కొట్టి నకలు చేతికిచ్చాడు. జవాబు ఇంకా రాలేదు. అత్త ఆ నకలును బీడీల రేకు డబ్బాలో, తంబాకు కింద దాచింది. మొన్న జాబితాలో సవరణలు వచ్చాయన్నారని నేను ఫోను తెరిస్తే, ముందు డబ్బా తెచ్చి పక్కన పెట్టుకుని, అప్పుడు చూడమంది.